హ్యాచ్‌లో మూడు రోజులు: ఒక బస్తా మిర్చి చుట్టూ లేబర్ డే వీకెండ్

గుంటూరు కారం అలవాటైన నాలుకతో అమెరికాలోని హ్యాచ్ వెళ్ళి, ఒక ముక్క కొరికి, "ఇదేనా ఇంత పేరున్న మిర్చి?" అని పెదవి విరిచేవాళ్ళు చాలామంది. వాళ్ళన్నది అబద్ధమేం కాదు. గుంటూరు సన్నం ఘాటు స్కోవిల్ లెక్కలో ముప్పై వేల పైమాట. హ్యాచ్‌లో ఎక్కువగా అమ్ముడయ్యే బిగ్ జిమ్ రకం మామూలుగా రెండు మూడు వేలు దాటదు. మన ఇళ్ళలో మిర్చి కూరకి కారం ఇస్తుంది. అక్కడ మిర్చే కూర. వంకాయలాగా కాల్చి, తోలు ఒలిచి, గుప్పెళ్ళకొద్దీ తింటారు. ఈ సంగతి ముందే తెలిసి వెళితే ప్రయాణం దండగ కాదు.

హ్యాచ్ న్యూ మెక్సికో రాష్ట్రానికి దక్షిణాన, రియో గ్రాండే నది ఒడ్డున ఉంటుంది. జనాభా పదహారు వందలకి అటూ ఇటూ. మన దగ్గరైతే మండల కేంద్రం కూడా కాదు, ఓ మోస్తరు పల్లెటూరు. ఏటా లేబర్ డే వీకెండ్‌లో, అంటే సెప్టెంబరు మొదటి సోమవారానికి ముందు వచ్చే శని, ఆదివారాల్లో ఇక్కడ మిర్చి పండగ జరుగుతుంది. ఆ రెండు రోజులూ ఊరి జనాభాకి ఎన్నో రెట్లు మంది దిగుతారు. ఊళ్ళో హోటల్ గదులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. కాబట్టి బస లాస్ క్రూసెస్‌లోనే పెట్టుకోవాలి. అక్కడి నుంచి హ్యాచ్ దాదాపు 40 మైళ్ళు.

దారి, గడియారం, కాగితాలు

విమానంలో వచ్చేవాళ్ళకి దగ్గర ఎల్ పాసో. దిగి కారు తీసుకుంటే లాస్ క్రూసెస్ ముప్పావు గంట, అక్కడి నుంచి హ్యాచ్ ఇంకో ముప్పావు గంట. ఆల్బుకర్కీలో దిగితే దక్షిణానికి మూడు గంటల డ్రైవింగ్. ఫీనిక్స్, చాండ్లర్ వైపు నుంచి కారులో వచ్చేవాళ్ళు ఐ-10 మీద డెమింగ్ దాకా వచ్చి, లాస్ క్రూసెస్‌కి వెళ్ళకుండా అక్కడే స్టేట్ రోడ్ 26 ఎక్కితే నేరుగా హ్యాచ్‌లో తేలతారు. మొత్తం ఐదున్నర, ఆరు గంటల దారి. అరిజోనా గడియారం వేసవిలో మారదు కనుక సెప్టెంబరులో న్యూ మెక్సికో ఒక గంట ముందుంటుంది. పదకొండుకి చేరదామనుకుని పన్నెండుకి చేరితే అందరూ ఆగే బర్గర్ హోటల్ క్యూ వీధిలోకి వచ్చేస్తుంది.

కాగితాల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. లాస్ క్రూసెస్ నుంచి హ్యాచ్ వైపు ఐ-25 మీద ఉత్తరానికి వెళుతుంటే దారిలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంటుంది. మీరు సరిహద్దు దాటలేదు, దాటబోవడమూ లేదు, అయినా ప్రతి కారూ ఆగాల్సిందే. తెల్ల ఇసుక దిబ్బల పార్కు వైట్ శాండ్స్ నుంచి తిరిగొచ్చే రోడ్డు మీద ఒకటి, ఎల్ పాసో నుంచి డల్లాస్ వైపు వెళ్ళే ఐ-10 మీద సియెర్రా బ్లాంకా దగ్గర ఒకటి ఉన్నాయి. హెచ్-1బి, హెచ్-4 వాళ్ళు పాస్‌పోర్టు, ఐ-94 ప్రింటు, ఐ-797 కాపీ కారులోనే ఉంచుకోవాలి. గ్రీన్ కార్డు ఉంటే కార్డే ఉండాలి, ఫోన్లో ఫోటో సరిపోదు. ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల పాస్‌పోర్టులు హోటల్ గదిలో పెట్టి రావడమే ఎక్కువగా జరిగే పొరపాటు. ఇంకొకటి: ఎల్ పాసో డౌన్‌టౌన్‌లో వంతెనల వైపు వెళ్ళే లేన్లో పడితే వెనక్కి తిరిగే చోటు దొరక్క హ్వారెస్‌లో, అంటే మెక్సికోలో తేలతారు. వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్ళకి అది పెద్ద తలనొప్పి. "మెక్సికోకి ముందు చివరి ఎగ్జిట్" అనే అర్థం వచ్చే బోర్డు కనపడగానే బయటికి వచ్చేయండి.

హ్యాచ్‌కి ఐ-25 మీద కాక పాత రోడ్డు 185 మీద వెళితే పావుగంట ఎక్కువ పడుతుంది, కానీ అదే మంచి దారి. నది పక్కనే మిరప చేలు, ఉల్లి, అల్ఫాల్ఫా గడ్డి, పెకాన్ తోటలు. నదిలో నీళ్ళు లేకపోతే ఆశ్చర్యపోకండి. రియో గ్రాండే నీళ్ళని ఎగువన 1916లో పూర్తయిన ఎలిఫెంట్ బ్యూట్ ఆనకట్టలో ఆపి, సాగు రోజుల్లోనే కిందికి వదులుతారు. వదలనప్పుడు అంత పేరున్న నదీ ఇసుక పర్రే. కృష్ణా కాలువల కింద పెరిగినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.

బస్తా ఎప్పుడు కొనాలి?

మూడు రోజుల ప్రణాళిక అంతా ఈ ఒక్క ప్రశ్న మీద నిలుస్తుంది. మొదటి రోజే ఉత్సాహంగా బస్తా కొని, కాల్పించి, కారు డిక్కీలో పడేస్తే సోమవారానికి అది చెత్తబుట్టకే. కాల్చిన మిర్చిలో పులుపు తక్కువ, తడి ఎక్కువ. వేడిగా ఉన్నప్పుడే సంచిలో మూటకట్టి ఉంటుంది. సూక్ష్మజీవులకి అంతకంటే ఏం కావాలి? కాల్చిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకో, ఫ్రీజర్‌లోకో, ఐసు నింపిన కూలర్లోకో చేరాలి. సెప్టెంబరు మొదట్లో మధ్యాహ్నం ఎండ 90 ఫారెన్‌హీట్ ప్రాంతంలో ఉంటుంది, మూసిన కారులో ఇంకా ఎక్కువ.

అందుకని శనివారం తిని, తిరిగి, రకాలు రుచి చూసి, ఏది కావాలో తేల్చుకోండి. ఆదివారం పొద్దున కొనండి. సోమవారం మీద ఆశ పెట్టుకోకండి. చిన్న ఊరు, పైగా సెలవు. చాలా దుకాణాలు, తిండి హోటళ్ళు మూసి ఉండొచ్చు.

"హ్యాచ్ మిర్చి" అనేది ఒక రకం పేరు కాదు. హ్యాచ్ లోయలో పండిన న్యూ మెక్సికో రకాలన్నిటికీ అదే పేరు. వీటన్నిటికీ మూలపురుషుడు ఫాబియన్ గార్సియా అనే ఉద్యానశాస్త్రవేత్త. లాస్ క్రూసెస్‌లోని కాలేజీలో, అంటే ఇప్పటి న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తూ, కాయ నున్నగా, ఒకే సైజులో, ఒకే తీరు ఘాటుతో ఉండేలా 1921లో "న్యూ మెక్సికో నంబర్ 9" విడుదల చేశాడు. కాయ నున్నగా ఉంటేనే సమంగా కాలుతుంది, తోలు సులువుగా వస్తుంది. ఆయన వెతికింది సరిగ్గా ఆ గుణాన్నే. తర్వాత అదే చోట రాయ్ నకాయామా 1975లో బిగ్ జిమ్ తెచ్చాడు. అడుగు పొడవు దాకా పెరిగే కాయ అది.

దుకాణంలో మైల్డ్, మీడియం, హాట్, ఎక్స్‌ట్రా హాట్ అని రాసి ఉంటుంది. ఆ మాటలకి కొలత లేదు, ఒక్కో కొట్టుకి ఒక్కో లెక్క. రకం పేరు అడగండి. "6-4" అంటే చప్పన. బిగ్ జిమ్ మీడియం, కండ మందం, లోపల చీజ్ కూరి వేయించే రెయెనోకి అదే సరైనది. శాండియా హాట్, తోలు కాస్త పలచన, ఎర్రగా పండాక పొడికీ బాగుంటుంది. బార్కర్, లూంబ్రే ఇంకా ఘాటు. మన ఇంటికి శాండియా, లేదా సగం శాండియా సగం బార్కర్ తెచ్చుకోవడం మేలు. పిల్లలుంటే ఒక చిన్న సంచి బిగ్ జిమ్. ఒకే చేలో, ఒకే మొక్క మీద కూడా కాయకీ కాయకీ ఘాటు తేడా ఉంటుంది. నీళ్ళు తక్కువై మొక్క అల్లాడితే కారం పెరుగుతుంది. రుచి చూడమని ఒక ముక్క ఇస్తే కొన దగ్గర కొరికి "చప్పగా ఉంది" అని తేల్చేయకండి. ఘాటు ఉండేది తొడిమ కింద తెల్లటి ఈనెలో. గింజల్లో ఉంటుందని మనవాళ్ళూ నమ్ముతారు, అక్కడివాళ్ళలోనూ నమ్మేవాళ్ళున్నారు. గింజకి అంటుకునేది ఆ ఈనె కారమే.

బస్తా 25 నుంచి 35 పౌండ్లు ఉంటుంది. కాల్చి, ఒలిచి, తొడిమా గింజా తీశాక చేతికొచ్చేది దాదాపు సగం. ఇద్దరున్న ఇంటికి ఒక బస్తా ఏడాదికి సరిపోతుంది. కాయలు తిన్నగా, గట్టిగా, మెరుస్తూ ఉండాలి. వంకరగా మెలి తిరిగిన కాయల మడతల్లోకి మంట అందదు. ఆ చోట తోలు పచ్చిగా ఉండి, ఒలుస్తుంటే కండతో సహా చిరిగొస్తుంది.

డ్రమ్ము ముందు పది నిమిషాలు

ఇనప జల్లెడతో చేసిన పెద్ద డ్రమ్ము, అడ్డంగా ఇరుసు మీద తిరుగుతుంది. కింద వరసగా ప్రొపేన్ బర్నర్లు. బస్తా మొత్తం ఒకేసారి లోపల పోసి, తలుపు బిగించి, మంట పెంచి తిప్పుతారు. మొదటి రెండు నిమిషాలు గలగలమని పచ్చికాయల చప్పుడే. తర్వాత తోలు పొంగి చిటపట మొదలవుతుంది. అప్పటికి వాసన వీధి చివరి దాకా వెళుతుంది. మన పొయ్యి మీద ఎండుమిర్చి మాడితే వచ్చే దగ్గు పుట్టించే పొగ కాదది. కాల్చిన వంకాయకి, మొక్కజొన్న పొత్తుకి మధ్య ఎక్కడో ఉంటుంది. కాలిన తోలు పొరలు జల్లెడ కన్నాల్లోంచి నల్లటి కాగితాల్లా రాలుతుంటాయి. కాయల మీద నలుపు సగానికి పైగా పరుచుకుని, చప్పుడు మెత్తబడగానే ఆపాలి. మొత్తం ఐదు నుంచి పది నిమిషాలు. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే కండ ఉడికి గుజ్జయిపోతుంది. తోలు బాగా వస్తుంది గాని కాయ నిలవదు, రెయెనోకి పనికిరాదు. ఏం వండబోతున్నారో ముందే చెబితే కాల్చేవాళ్ళు దాన్ని బట్టి ఆపుతారు.

కాల్చగానే మందపాటి ప్లాస్టిక్ సంచిలోకి పోస్తారు. మూతి కట్టి పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేస్తే ఆవిరికి తోలు విడుతుంది. ఆ తర్వాత ఇక సంచిలో ఉంచకూడదు. పెద్ద ట్రేల్లో పరిచి చల్లార్చి కూలర్లోకి మార్చాలి. ఆవిరి మీదున్న 30 పౌండ్ల మూటని అలాగే ఐసులో పెడితే, పైన చల్లగానే ఉంటుంది గాని మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉండిపోతుంది. గాలన్ జిప్ సంచులు ఓ పాతిక, రెండు అల్యూమినియం ట్రేలు, చేతికి రబ్బరు గ్లోవ్స్ వెంట తీసుకెళ్ళండి. గ్లోవ్స్ లేకుండా ఒలిచి, రాత్రి కాంటాక్ట్ లెన్సులు తీసేవాళ్ళకి ఆ పూట బాగా గుర్తుండిపోతుంది.

హోటల్ గదిలో కూర్చుని మొత్తం ఒలవక్కర్లేదు. తోలుతోనే ఫ్రీజ్ చేయడం నయం. కరిగాక వేలితో నిమిరితే జారిపోతుంది, రంగూ వాసనా నిలుస్తాయి. ఒలిచేటప్పుడు మాత్రం కుళాయి కింద పెట్టకండి. నల్ల చుక్కలు కడుక్కుపోవాలని చూస్తే, కాల్చిన రుచి ఉన్నది వాటిలోనే, అదీ పోతుంది. పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టుకుని వేళ్ళు మాత్రం ముంచుకుంటూ ఒలిస్తే చాలు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో ఏడాది.

డల్లాసో ఆస్టినో కారులో పది గంటలు వెళ్ళేవాళ్ళు అక్కడ కాల్పించకుండా పచ్చి బస్తా తీసుకెళ్ళి ఇంటి దగ్గర గ్రిల్ మీద కాల్చుకోవచ్చు. జనపనార సంచిలోనే ఉంచి, ఏసీ తగిలే చోట పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలోకి మార్చితే చెమట పట్టి తొడిమల దగ్గర బూజు వస్తుంది. ఇంటికి చేరాక ఫ్రిజ్‌లో వారం ఉంటాయి. గ్యాస్ గ్రిల్ బాగా వేడెక్కాక ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. ఓవెన్ బ్రాయిలర్ అయితే ప్రతి కాయకీ చిన్న గాటు పెట్టాలి, లేకపోతే లోపల ఆవిరి పట్టి టప్‌మని పగులుతుంది. అపార్ట్‌మెంట్లో బ్రాయిలర్ పెట్టే ముందు కిటికీలు తీయండి, స్మోక్ అలారం ఎక్కడుందో చూసుకోండి. కాలిఫోర్నియా వెళ్ళేవాళ్ళని సరిహద్దులో వ్యవసాయ తనిఖీ దగ్గర పచ్చి కాయగూరల గురించి అడుగుతారు. ఉందని చెప్పి చూపించడమే.

విమానంలో అయితే ఒక రాత్రి గట్టిగా గడ్డకట్టించిన సంచుల్ని మెత్తటి కూలర్లో పెట్టి చెక్-ఇన్ చేయడం సులువు. డ్రై ఐస్ మనిషికి 5.5 పౌండ్లు మించకూడదు, గాలి పోయే పెట్టె ఉండాలి, విమాన సంస్థకి ముందే చెప్పాలి. గది తీసుకునే ముందే ఫ్రీజర్ ఉన్నదో లేదో అడగండి. చాలా హోటళ్ళ చిన్న ఫ్రిజ్‌లో ఐసు గూడు తప్ప ఏమీ ఉండదు. కిచెన్ ఉన్న గదికి ఇరవై డాలర్లు ఎక్కువైనా ఈ వారం అది వృథా కాదు.

తినే సంగతి

హ్యాచ్‌లో అందరూ ఆగే చోటు స్పార్కీస్. ముంగిట పెద్ద పెద్ద ఫైబర్‌గ్లాస్ బొమ్మలు నిలబడి ఉంటాయి, దారి అడగక్కర్లేదు. గ్రీన్ చిల్లీ చీజ్‌బర్గర్‌కి పేరు. గ్రీన్ చిల్లీ వేసిన లెమనేడ్ కూడా ఉంటుంది. వినడానికి వింతగా ఉన్నా, ఉప్పూ కారం చల్లిన నిమ్మకాయ సోడా తాగినవాళ్ళకి కొత్తేం కాదు. పండగ రోజుల్లో పదకొండులోపు క్యూలో ఉండాలి. బర్గర్ అంటే గొడ్డు మాంసమే. తిననివాళ్ళు వేరే ఏముందో కౌంటర్లో అడిగి తీసుకోవాలి. బర్గర్ మంచిదో కాదో చూడ్డానికి ఒక గుర్తు: తరిగిన మిర్చి చీజ్ కింద ఉండాలి. చీజ్ కరిగి దాన్ని పట్టి ఉంచుతుంది. పైన చల్లితే మొదటి కొరుకుడుకే సగం ప్లేటులో పడుతుంది.

ఈ రాష్ట్రంలో ఏ హోటల్లో కూర్చున్నా "రెడ్ ఆర్ గ్రీన్?" అని అడుగుతారు. ఎర్ర మిర్చి సాసా, పచ్చ మిర్చి సాసా అని. ఇది రాష్ట్ర అధికారిక ప్రశ్న కూడా. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి. మొదటిసారి అదే చెప్పండి. ఎరుపు వేరే మిర్చి కాదు, అదే కాయ చెట్టున పండి ఎండింది. రంగు గాఢం, కారం తక్కువ, కొంచెం తీపి, కొంచెం మట్టివాసన. మన వరంగల్ చపాటా మిర్చి వాడినవాళ్ళు ఈ లెక్క వెంటనే పట్టుకుంటారు.

శాకాహారులు ఇక్కడ జాగ్రత్తగా అడగాలి, ఎందుకంటే మెనూలో మాంసం అని రాయని చోట్లే మాంసం ఉంటుంది. బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారు, దాన్ని "మాంటేకా" అంటారు. "మాంటేకా ఉందా?" అని ఆ మాటతోనే అడిగితే సూటిగా జవాబు వస్తుంది. అన్నం చికెన్ నీళ్ళలో ఉడికి ఉండొచ్చు. గ్రీన్ చిల్లీ స్టూలో పంది మాంసం ఉంటుంది. గ్రీన్ సాస్‌లో కూడా కొన్నిచోట్ల పడుతుంది. ఎర్ర సాస్ శాకాహారంగా దొరికే అవకాశం ఎక్కువే, అయినా అడగాల్సిందే. గోధుమ రొట్టె టోర్టియాలో, బిస్కోచీటో అనే దాల్చినచెక్క బిస్కట్టులో కూడా ఆ కొవ్వే సంప్రదాయం. కొవ్వు సంగతి అడిగాక నిశ్చింతగా తినగలిగేవి: టోర్టియాల్లో చీజ్ పెట్టి సాస్ పోసే ఎంచిలాడా, గుమ్మడి జాతి కాయ, మొక్కజొన్న, మిర్చి కలిపి వేయించే కాలబసీటాస్. ఎంచిలాడా ఇక్కడ చుట్టరు. అట్ల దొంతరలా ఒకదాని మీద ఒకటి పేర్చి సాస్ పోస్తారు. పైన గుడ్డు వేయమంటారా అని అడుగుతారు.

చిల్లీ రెయెనో గురించి కాస్త వివరంగా చెప్పాలి, మనవాళ్ళు దాన్ని మిర్చి బజ్జీ అనుకునే ఆర్డర్ చేస్తారు గనక. బజ్జీకి కాయ పచ్చిది, లోపల వామూ చింతపండూ, పైన శనగపిండి. రెయెనోకి కాయని ముందు కాల్చి ఒలిచి, పక్కన ఒక్క గాటు పెట్టి, తొడిమ ఊడకుండా లోపల చీజ్ కడ్డీ దూరుస్తారు. పైన పూత గుడ్డుది. తెల్లసొనని నురగ నిలబడేదాకా గిలక్కొట్టి, అందులో పచ్చసొనా, కొంచెం పిండీ మెల్లగా కలిపి, కాయని ముంచి వేయిస్తారు. పూత దూదిలా పొంగుతుంది, కరకరలాడదు. కరకరలాడలేదని వెనక్కి పంపకండి. సాస్ పక్కన ఇమ్మని అడగండి. మీద పోసి తెస్తే రెండు నిమిషాల్లో పూత నీరుకారి జారిపోతుంది. గుడ్డు తిననివాళ్ళకి ఇది కుదరదు. రెయెనో కోసం లాస్ క్రూసెస్‌కి దక్షిణంగా లా మెసా అనే చిన్న ఊళ్ళో ఉన్న చోప్స్ అనే హోటల్ దాకా వెళ్ళేవాళ్ళున్నారు, వెళ్ళొచ్చు. 28వ నంబరు రోడ్డు మీద పోతే దారిలో స్టామన్ పెకాన్ తోటలు. రెండు వైపుల చెట్లూ కలిసి రోడ్డు మీద పందిరి వేస్తాయి.

కారం మరీ ఎక్కితే నీళ్ళు తాగి లాభం లేదు, ఘాటు నీళ్ళలో కరగదు. పాలో, పుల్లటి క్రీమో పుచ్చుకోవాలి. లేదా సోపపీయా. పూరీలా పొంగిన మెత్తటి పిండి దిండు. మూల కొరికి లోపలికి తేనె పోసుకుని తినాలి.

లాస్ క్రూసెస్ పక్కనే మెసిల్లా ఉంది, పలికేటప్పుడు మెసీయా. పేరుమోసిన బందిపోటు బిల్లీ ది కిడ్‌ని 1881లో విచారించిన ఊరు. అక్కడి చౌకులో 1939 నుంచి నడుస్తున్న లా పోస్టా అనే హోటల్ ఉంది. శనివారం రాత్రి భోజనానికైతే బల్ల ముందుగానే చెప్పుకోవాలి. శనివారం పొద్దున లాస్ క్రూసెస్ మెయిన్ స్ట్రీట్ సంత ఎనిమిదిన్నరకి మొదలవుతుంది. పెకాన్లు, తేనె, ఎండు మిర్చి అక్కడే నింపాదిగా చూసి కొనొచ్చు.

శుక్రవారం పొద్దునే చేరగలిగితే యూనివర్సిటీలోని చిల్లీ పెప్పర్ ఇన్‌స్టిట్యూట్ చూడండి. 1992లో పెట్టారు. మన ఈశాన్యం నుంచి వెళ్ళిన భూత్ జొలోకియాని పది లక్షల స్కోవిల్ దాటిన మిర్చిగా కొలిచి, 2007లో గిన్నిస్‌లోకి ఎక్కించింది ఇక్కడివాళ్ళే. రకరకాల మిరప మొక్కలు పేర్ల పలకలతో ఉండే తోట ఒకటుంది. వారాంతంలో దుకాణం మూసి ఉండొచ్చు, సోమవారం సెలవే. వైట్ శాండ్స్ వెళ్ళేవాళ్ళు సాయంత్రం పెట్టుకోండి. పక్కన మిసైల్ పరీక్షలు జరిగితే రోడ్డూ పార్కూ కొన్ని గంటలు మూసేస్తారు, ముందు రోజు పార్కు వెబ్‌సైట్ చూసుకోవాలి.

ఎర్ర మిర్చి దండలు, రిస్త్రాలు, ప్రతి కొట్టు ముందూ వేలాడుతుంటాయి. వంటకి కావాలంటే అడిగి కొనండి. అలంకారానికి అమ్మేవాటికి మెరుపు కోసం లక్క కొడతారు, అవి తినకూడదు. హ్యూస్టన్, న్యూజెర్సీ లాంటి తేమ చోట్లకి తీసుకెళితే పూర్తిగా ఎండినదే తీసుకోవాలి. లోపల పచ్చి ఉంటే నెలలో బూజు.

ఇంటికొచ్చాక

కాల్చిన మిర్చితో రోటి పచ్చడి బ్రహ్మాండంగా కుదురుతుంది. ఒలిచి గింజ తీసిన మిర్చి పావుకిలో. ఫ్రీజర్‌దైతే కరిగాక జల్లెడలో పది నిమిషాలు ఉంచాలి, లేకపోతే పచ్చడి నీళ్ళ నీళ్ళగా ఉంటుంది. ఆ కారిన రసం పారబోయకండి, పప్పులో పోస్తే పొగవాసన పప్పుకి పడుతుంది. రెండు పెద్ద చెంచాల నువ్వులు దోరగా వేయించి, చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు వేసి ముందు పొడి చేయాలి. చిన్న నిమ్మకాయంత చింతపండు నానబెట్టి వేసి ఒకసారి తిప్పి, చివర మిర్చి వేసి రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే కండ జిగురు పేస్టవుతుంది. బిగ్ జిమ్ అయితే కారం చాలదు, రెండు మూడు థాయ్ పచ్చిమిర్చి నూనెలో మగ్గించి కలపండి. నువ్వుల నూనె, ఆవాలు, మినప్పప్పు, ఇంగువ, కరివేపాకుతో పోపు.

ఇది ఆవకాయ కాదు. నూనె తేలేలా పోసి జాడీలో బయట పెట్టకండి. పులుపు చాలని తడి కాయని గాలి తగలకుండా నూనెలో ముంచితే బోట్యులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది. దానికి వాసనా రాదు, రంగూ మారదు. సీసాల్లో పెట్టి నీళ్ళలో మరిగించి మూత బిగించడం కూడా ఇంతే ప్రమాదం, దానికి ప్రెషర్ క్యానర్ కావాలి. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో తినేయాలి, లేదా ఫ్రీజర్.

ఎండువాటితో ఎర్ర సాస్ ఇంకా సులువు. పన్నెండు కాయల తొడిమలూ గింజలూ తీసి, కడిగి, వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, రెండు కప్పుల నీళ్ళతో మెత్తగా రుబ్బి వడకట్టాలి. వడకట్టకపోతే తోలు ముక్కలు నాలిక్కి కాగితంలా తగులుతాయి. చెంచా నూనెలో పది నిమిషాలు ఉడికిస్తే చాలు. నానబెట్టే ముందు పెనం మీద వేయించాలనిపిస్తే పది సెకన్లు, అంతే. మన ఎండుమిర్చిలా నల్లబడే దాకా ఉంచితే సాస్ మొత్తం చేదెక్కుతుంది, ఆ చేదు బెల్లానికీ లొంగదు.

ఫ్రీజర్ సంచుల మీద రకం పేరు, తేదీ మార్కర్‌తో రాయండి, అదీ సంచి పొడిగా ఉన్నప్పుడే. గడ్డకట్టాక శాండియా, బిగ్ జిమ్ ఒకేలా కనిపిస్తాయి.